ఇరవై రాత్రుల శిక్షణ

దైవప్రవక్త ముహమ్మద్ (స) సన్నిధికి ఒకసారి కొందరు యువకులు వచ్చారు. అందరూ ఇంచుమించు ఒకే ఈడువారు. మదీనాలో ఆయన వద్ద ఇరవై రాత్రులు గడిపారు. వారికి ఇంటి మీద బెంగ కలిగిందని ఆయన గ్రహించారు. ఇంట్లో ఎవరెవరిని విడిచి వచ్చారో అడిగి తెలుసుకుని, ఇక తిరిగి వెళ్ళి మీవారి మధ్యనే ఉండి వారికి నేర్పండని సెలవిచ్చారు. నమాజు విషయంలో మాత్రం, తాను చేస్తుండగా వారు ఎలా చూశారో అలాగే చేయమన్నారు. ఆ బృందంలో ఒకరైన హజ్రత్ మాలిక్ బిన్ హువైరిస్ (రజి) ఈ సంగతి ఉల్లేఖించారు. సహీహ్ బుఖారీలో ఉంది.

మన మద్రసాలలో ఈ హదీసును అజాన్ ప్రకరణంలో చదువుతాము. ఇమామత్ ఎవరు చేయాలి, అజాన్ ఎవరు ఇవ్వాలి అన్న మసాయిల్ చర్చించి ముందుకు సాగిపోతాము. ఉపాధ్యాయ శిక్షణకు సంబంధించిన హదీసుగా దీన్ని చదివేవారు అరుదు. నిజానికి అది కూడా ఇందులో ఉంది. ఆ యువకులు తిరిగి వెళ్ళి తమవారికి బోధకులు కావలసినవారు. వారి శిక్షణ కాలం ఇరవై రోజులు. అందులో విన్నది ఉంది, కళ్ళారా చూసింది ఉంది, గురువుతో కలసి చేసింది ఉంది. చివరకు వారిని పంపింది కూడా వారికి తెలిసిన ఊరికే, వారి మాట మాట్లాడే జనం మధ్యకే.

దీనితో పాటు హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన మరొక హదీసును చేర్చి చదవాలి. ఒక వ్యక్తి మస్జిదులో తొందర తొందరగా నమాజు ముగించి వచ్చి సలాం చేశాడు. అతని నమాజు కాలేదని, వెళ్ళి మళ్ళీ చేయమని దైవప్రవక్త (స) అన్నారు. మూడు పర్యాయాలు ఇలాగే జరిగింది. ఇంతకంటే బాగా నాకు రాదు, నేర్పండి అని ఆ వ్యక్తే అడిగాడు. అప్పుడు రుకూ, సజ్దా, మధ్యలో కుదురుగా నిలబడటం, ప్రతిదీ వరుసగా నేర్పారు. ముందు పని చేయనిచ్చారు, చూశారు. లోపం ఉన్నదని అతనికే తెలిసివచ్చి నోరు తెరచి అడిగిన మీదట సూత్రం చెప్పారు.

బి.ఇడి. కళాశాలలలో సిద్ధాంతం ఎంత, బోధనాభ్యాసం ఎంత అన్న చర్చ ఎప్పుడు వచ్చినా నాకు ఈ రెండు హదీసులు గుర్తుకు వస్తాయి. కర్నూలు, కడప ప్రాంతాలలో మన ఇళ్ళలోని ఆడపిల్లలు డి.ఎల్.ఇడి., బి.ఇడి. చదవడం ఇప్పుడు వింత కాదు. మన అబ్బాయిలు ఆలిమ్ పట్టా పుచ్చుకుని మక్తబ్‌లలో చేరుతున్నారు. వీరిరువురి చేతికీ వచ్చేది మన పసిపిల్లలే. కనుక ఈ చర్చ కళాశాలల అధ్యాపకులకు వదిలివేయదగినది కాదు.

ముందు ప్రభుత్వ శిక్షణ సంగతి. 1964–66 నాటి కొఠారీ కమిషనే ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు పాఠశాలల నుంచి వేరుపడి బ్రతుకుతున్నాయని ఎత్తిచూపింది. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత జిల్లాకొక విద్యా శిక్షణ సంస్థ ఏర్పడింది. మనవైపు కర్నూలు పక్కన బి.తాండ్రపాడులోనూ, ఉమ్మడి కడప జిల్లాకు రాయచోటిలోనూ ఉన్న డైట్‌లు అవే. జస్టిస్ వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చిన మీదట జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో నిబంధనలు మార్చింది. 2015 నుంచి బి.ఇడి. రెండేళ్ళ కోర్సు అయింది. మొత్తం ఇరవై వారాలు ఛాత్రోపాధ్యాయులు పాఠశాలలలో గడపాలి. మొదటి ఏడు నాలుగు వారాలు, రెండవ ఏడు పదహారు వారాలు. కాగితం మీద ఇది మంచి మార్పే. ఇరవై రాత్రుల స్థానంలో ఇరవై వారాలు వచ్చాయి.

అయితే ఆ ఇరవై వారాలలో జరుగుతున్నదేమిటి? ఇంటర్న్‌షిప్‌కు వెళ్ళివచ్చిన పిల్లలను అడిగి చూడండి. పాఠ్యపథకాలు వ్రాశామంటారు, చార్టులు గీశామంటారు, రికార్డులు నింపామంటారు. సెలవు పెట్టిన టీచర్ల తరగతులు మాకు అప్పగించారంటారు. మీరు పాఠం చెబుతుండగా వెనుక కూర్చుని మొదటినుంచి చివరిదాకా ఎవరైనా చూశారా, చూసిన తర్వాత మీతో కూర్చుని మాట్లాడారా అని అడిగితే మాత్రం చాలామంది కాసేపు ఆలోచిస్తారు. రికార్డు మీద సంతకం పెట్టినవారు ఉంటారు. పాఠం గురించి మాట్లాడినవారు తక్కువ. మన పిల్లల శిక్షణలో సిద్ధాంతమూ ఉంది, ఆచరణ దినాలూ ఉన్నాయి. ఆ రెంటినీ ఒకచోట కూర్చోబెట్టే ఆ అరగంట సంభాషణే లేదు. నా దృష్టిలో లోపమంతా అక్కడే ఉంది. వారాల సంఖ్య పెంచినంత మాత్రాన అది తీరదు.

ఆ తర్వాత ఉద్యోగ నియామకం చూడండి. టెట్ రాతపరీక్ష, డీఎస్సీ రాతపరీక్ష. రెంటిలోనూ బోధనాశాస్త్రంపై ప్రశ్నలుంటాయి. నాలుగు జవాబులలో సరైనది గుర్తించాలి. పియాజే చెప్పిన వికాస దశలను వరుసగా చెప్పగల అమ్మాయి, ఏడేళ్ళ పిల్లవాడు పలక పక్కన పెట్టి ఏడుస్తూ కూర్చుంటే ఏం చేస్తుందో ఏ పరీక్షా అడగదు. ఎంపికయ్యేదాకా ఆమె పాఠం చెబుతుండగా చూసినవారు ఎవరూ ఉండరు. వంటవాణ్ణి కుదుర్చుకునేటప్పుడు కూడా మనం ఒక పూట వండించి చూస్తాము.

ఇలా వచ్చిన ఉపాధ్యాయురాలు అడుగుపెట్టే గది ఎలాంటిది? శిక్షణకాలంలో ఆమె పాఠం చెప్పింది పట్టణంలో, ఒకే తరగతి పిల్లలున్న గదిలో, నలభై అయిదు నిమిషాల గంటకు. నియామకం అందేది ఏ ఏకోపాధ్యాయ పాఠశాలకో కావచ్చు. ఒకే గదిలో అయిదు తరగతులు, ఒక్కరే టీచరు. ఇక ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు ఊళ్ళలోనైతే వానలు మొండికేసిన ఏడు ఇళ్ళకు ఇళ్ళే గుంటూరు మిరప చేలకు, పత్తి చేలకు వలసపోతాయి. పిల్లలూ మూటతో పాటే వెళతారు. నెలల తర్వాత తిరిగివచ్చిన పిల్లవాడు ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో, ఎక్కడ మొదలుపెట్టాలో పాఠ్యపథకంలో గడి ఉండదు. ఈ గదికి పనికివచ్చే సిద్ధాంతం లేదని నేను అనడం లేదు. మన రాయలసీమలోనే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వారు చుట్టుపక్కల పల్లెలలో ఏకోపాధ్యాయ బడులు నడిపి, కార్డులతో, అభ్యసన నిచ్చెనతో ఒక పద్ధతిని రూపొందించారు. పిల్లవాడు ఎక్కడ ఆగితే మళ్ళీ అక్కడి మెట్టు నుంచే ఎక్కుతాడు. ఆ పద్ధతి తర్వాత ఇతర రాష్ట్రాలకూ వెళ్ళింది. పల్లె గదిలో పుట్టిన సిద్ధాంతం కనుకనే అది మరో పల్లె గదిలో నిలబడింది.

భాష సంగతి మనకు మరింత దగ్గరిది. కర్నూలులో, కడపలో మన ఇళ్ళలో మాట్లాడేది దక్కనీ. బడిలో ఉర్దూ వాచకం ఉంటే అది లక్నో, ఢిల్లీల ఉర్దూ. పిల్లవాడు ఇంట్లో "నక్కో" అంటాడు, పుస్తకంలో "నహీఁ" ఉంటుంది. ఇంట్లో "బాతాఁ", పుస్తకంలో "బాతేఁ". తెలుగు మాధ్యమమో, ఇంగ్లీషు మాధ్యమమో అయితే దూరం ఇంకా పెరుగుతుంది. మాతృభాషలో బోధన అన్న సిద్ధాంతం శిక్షణ పుస్తకాలలో ఉంటుంది, పరీక్షలో దానిపై ప్రశ్న కూడా వస్తుంది. అయితే మాతృభాషే వాచకంలో లేని పిల్లవాడి నోట మొదటి మాట ఎలా పలికించాలన్నది ఆ పిల్లవాడి ఎదుట కూర్చున్నప్పుడే తెలుస్తుంది.

మక్తబ్‌లో ఇదే చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. దక్కనీ పలుకులో ఖాఫ్ అక్షరం దాదాపు ఖే అక్షరంగానే మారిపోయింది. గొంతు మొదటినుంచి, నాలుక మూలం నుంచి రావలసిన ధ్వని మన పిల్లల చెవికి వేరుగా వినిపించదు. తెలుగు లిపిలోనూ ఈ రెంటికీ వేర్వేరు అక్షరాలు లేవు. అంతెందుకు, "ఖుర్ఆన్" అన్న పదాన్నే మనం, ఈ పత్రికతో సహా, "ఖ"తో వ్రాస్తున్నాము. సూరె ఫలఖ్‌లో రెండవ ఆయత్ చివరి పదంలో ఈ రెండు అక్షరాలూ ఉన్నాయి. మన మక్తబ్‌లో పిల్లవాడు రెంటినీ ఒకటిగానే పలుకుతాడు. తజ్వీద్ చదివిన హాఫిజ్ సాబుకు మఖారిజ్ అన్నీ కంఠస్థం. ఏ అక్షరం ఎక్కడినుంచి వెలువడుతుందో చెప్పగలడు. చెబుతాడు కూడా. పిల్లవాడు మళ్ళీ అలాగే పలుకుతాడు. రెండవసారి గద్దిస్తాడు, మూడవసారి బెత్తం తీస్తాడు. వినబడని భేదాన్ని నోరు పలకలేదని, ముందు చెవిని సిద్ధం చేయాలని, రెండు ధ్వనులను పక్కపక్కన వినిపించి ఏది ఏదో గుర్తుపట్టే ఆట ఆడించాలని అతనికి ఎవరూ చూపలేదు. పుస్తకంలోని మఖారిజ్ సిద్ధాంతం సత్యమే. ఆత్మకూరు పిల్లవాడి చెవి కూడా సత్యమే. ఈ రెంటి మధ్య వంతెన వేయగలవాడే ఉపాధ్యాయుడు.

బెత్తం మాట వచ్చింది గనుక ఒక విషయం. హిజ్రీ మూడవ శతాబ్దంలోనే కైరవాన్‌కు చెందిన ఇబ్న్ సహ్నూన్ (రహ్మ) పిల్లల బోధకుల మర్యాదల గురించి ప్రత్యేకంగా గ్రంథం వ్రాశారు. శిక్షకు హద్దులు విధించారు, ధనికుల పిల్లలను, పేదల పిల్లలను సమానంగా చూడాలన్నారు. ఇబ్న్ ఖల్దూన్ (రహ్మ) తన ముఖద్దిమాలో ఇంకా ముందుకు వెళ్ళి, కాఠిన్యంతో పెరిగిన పిల్లవాడు అబద్ధానికి, కపటానికి అలవాటుపడతాడని హెచ్చరించారు. ఒక శాస్త్రాన్ని మూడు ఆవృత్తులలో నేర్పాలని, మొదట స్థూలంగా, రెండవసారి వివరంగా, మూడవసారి చిక్కులన్నీ విప్పుతూ సాగాలని చెప్పినదీ ఆయనే. బోధనాశాస్త్రం పాశ్చాత్యుల సొత్తు అని భ్రమపడే మన సోదరులు ఈ పేర్లు గుర్తుంచుకోవాలి. అలాగే మన పెద్దలు అన్నీ వ్రాశారు గనుక ఇక శిక్షణ అవసరం లేదనేవారు, ఆ గ్రంథాలు మన మక్తబ్ బోధకులలో ఎందరి చేతికి అందాయో ఒకసారి విచారించుకోవాలి.

పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్ళినవాడి అవస్థను గుజరాతుకు చెందిన గిజుభాయి బధేకా 1930లలో "దివాస్వప్న"లో చిత్రించారు. తెలుగులో "పగటికల"గా అది మన టీచర్లకు పరిచితమే. విద్యాగ్రంథాలు చదివి ఉత్సాహంతో నాలుగవ తరగతి తీసుకున్న ఉపాధ్యాయుడు మొదటి రోజే శాంతి ఆట ఆడించబోతాడు. పిల్లలు గోల చేసి తరగతిని తలక్రిందులు చేస్తారు. ఆ రాత్రి అతను ఇంట కూర్చుని ఆలోచిస్తాడు, మర్నాడు కథతో మొదలుపెడతాడు. ఆ పుస్తకంలో నాకు నచ్చేది ఆ రాత్రే. చదివిన సిద్ధాంతాన్ని అతను పారవేయలేదు, పిల్లలదే తప్పనీ అనలేదు. జపాన్‌లో ఈ ఆలోచనను ఒక్కరి మీద వదలరు. ఒక టీచరు పాఠం చెబుతుంటే తోటి టీచర్లంతా గదిలో నిలబడి పిల్లలను గమనిస్తారు, తర్వాత కలసి చర్చిస్తారు, పాఠాన్ని సవరిస్తారు. నూరేళ్ళకు పైబడి సాగుతున్న ఆచారమది. దానికి ఖర్చయ్యేది కాలమే, డబ్బు కాదు.

మన ప్రాంతానికి ఈ విషయంలో ఒక పాత చరిత్ర కూడా ఉంది. దత్తమండలాలకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరు అయ్యాక 1822లో రాజధాని అంతటా బడుల లెక్క తీయించాడు. 12,498 బడులు తేలాయి. 1826 మార్చిలో వ్రాసిన మినిట్‌లో ఆయన ఒక పథకం ప్రతిపాదించాడు. మద్రాసులో ఉపాధ్యాయులను తయారుచేసే బడి, ప్రతి కలెక్టరేటులో హిందువులకు ఒకటి, ముస్లిములకు ఒకటి చొప్పున పెద్ద బడులు, వాటి కింద తహసీల్దారీ బడులు. కలెక్టరేటు బడి ఉపాధ్యాయుడికి నెలకు 15 రూపాయలు, తహసీల్దారీ బడి ఉపాధ్యాయుడికి 9 రూపాయలు. బడిపంతుళ్ళకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదని, అంత తక్కువకు సమర్థులు ఈ వృత్తిలోకి రారని కూడా ఆయన వ్రాశాడు. మరుసటి ఏడాది, 1827 జూలైలో, మన కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో మరణించాడు. ఆ పథకం ఎక్కువ కాలం నిలవలేదు. పరాయి పాలకుడిగా ఆయన ఉద్దేశాలు ఆయనవి. అయితే శిక్షణతో పాటే జీతం లెక్క వేయడం మాత్రం సరైన పని. శిక్షణను మద్రాసులో పెట్టడం నాకు సరిగా తోచదు. పత్తికొండ పిల్లవాడు మద్రాసులో కనిపించడు.

ఇక మన మద్రసాల సంగతి. బోధనాభ్యాసం మనకు కొత్త కాదు. దర్సె నిజామీ మద్రసాలలో "తక్రార్" అన్న ఆచారం ఉంది. మగ్రిబ్ తర్వాతనో, ఇషా తర్వాతనో విద్యార్థులు జట్లుగా కూర్చుంటారు. ఉదయం ఉస్తాద్ చెప్పిన పాఠాన్ని వారిలో ఒకడు మిగిలినవారికి మళ్ళీ చెబుతాడు. పూర్వపు మద్రసాలలో ఈ పనికి "ముఈద్" అని ప్రత్యేక పదవే ఉండేది. ముదర్రిస్ పాఠం ముగించాక ముఈద్ దాన్ని విద్యార్థులకు మళ్ళీ చెప్పి సందేహాలు తీర్చేవాడు. ముఈద్‌గా కుదిరినవాడే కాలక్రమంలో ముదర్రిస్ అయ్యేవాడు. ఇంతకంటే సహజమైన ఉపాధ్యాయ శిక్షణ మరొకటి నాకు తెలియదు.

కాని తక్రార్‌లో ఎదుట కూర్చునేది తోటి విద్యార్థి. ఇరవై ఏళ్ళవాడు, అరబీ తెలిసినవాడు, అర్థం కాకపోతే అడగగలవాడు. పట్టా చేతికి వచ్చాక మన ఆలిమ్ ఎదుట కూర్చునేది ఆరేళ్ళ పాప. ఆమెకు అర్థం కాలేదన్న సంగతి కూడా ఆమెకు తెలియదు. హిదాయా చెప్పగలిగినవాడు నూరానీ ఖాయిదా చెప్పలేక తడబడటంలో ఆశ్చర్యం లేదు, అవి రెండు వేర్వేరు విద్యలు. మన వ్యవస్థలో పెద్ద గ్రంథాలు చెప్పేవారికి గౌరవం, ఖాయిదా చెప్పేవారికి చిన్న జీతం. కొత్తగా పట్టా పుచ్చుకున్నవాణ్ణి, ఏ అనుభవమూ లేనివాణ్ణి, అందరికంటే చిన్నపిల్లల మీదికి పంపుతాము. ఫలితం మనకు తెలిసినదే. రెండేళ్ళు మక్తబ్‌కు వెళ్ళిన పిల్ల అక్షరాలు కలిపి చదవలేదు. తల్లి మందలిస్తుంది, పిల్ల తనకు చదువు రాదని నమ్ముతుంది, ఖుర్ఆన్ తెరవాలంటేనే జంకుతుంది. కొందరు ఆ జంకుతోనే పెద్దవారై, తమ పిల్లలకు నేర్పలేని తల్లిదండ్రులవుతున్నారు.

విద్యాహక్కు చట్టం శారీరక దండనను నిషేధించింది, టీచర్లకు కనీస అర్హతలు నిర్ణయించింది. 2012 సవరణతో మద్రసాలకు ఆ చట్టం వర్తించదు. ఈ మినహాయింపును మన మత స్వేచ్ఛకు రక్షణగా స్వాగతించాము, సబబే. అయితే బయటినుంచి వచ్చి చూసేవారు లేరన్నప్పుడు లోపలివారే చూసుకోవాలి కదా. మక్తబ్‌లో బోధన ఎలా ఉందో చూసే బాధ్యత ఇప్పుడు పూర్తిగా మస్జిద్ కమిటీలది, మద్రసా నాజిమ్‌లది, ఆ పిల్లల తల్లిదండ్రులది.

పని పెద్దదేమీ కాదు. మద్రసాలో చివరి రెండేళ్ళ విద్యార్థికి ఊళ్ళోని ఒక మక్తబ్‌ను అప్పగించాలి. వారానికి మూడు సాయంత్రాలు చాలు. ఆ మూడింటిలో ఒకరోజు అనుభవజ్ఞుడైన ఉస్తాద్ వెనుక వరుసలో పిల్లల మధ్య కూర్చోవాలి. పాఠం మధ్యలో జోక్యం చేసుకోరాదు. పిల్లల ఎదుట గురువు చేత దిద్దించుకున్నవాడికి ఆ గదిలో మాట చెల్లదు. నమాజులో మాట్లాడిన హజ్రత్ ముఆవియా బిన్ హకమ్ (రజి)ని దైవప్రవక్త (స) ఎలా సరిదిద్దారో సహీహ్ ముస్లింలో చూడండి. నమాజు అయ్యాక, గద్దించకుండా, కసురుకోకుండా. ఇషా తర్వాత ఇద్దరూ కూర్చుని ఒక్క పిల్లవాడి గురించి మాట్లాడుకోవాలి. అందరి గురించీ కాదు, ఒక్కడి గురించే. ఎక్కడ ఆగాడు, ఎందుకు ఆగాడు, రేపు ఏం చేసి చూద్దాం. ఇబ్న్ సహ్నూన్, ఇబ్న్ ఖల్దూన్ గ్రంథాల నుంచి, అలాగే డైట్ పుస్తకాల నుంచి కూడా సిద్ధాంతం తీయవలసింది ఆ క్షణాన. అప్పుడది కంఠస్థం చేయనక్కరలేదు.

మన ఊళ్ళలో బి.ఇడి. చేసిన ఆడపిల్లలున్నారు. పిల్లల మనస్తత్వం గురించి వారు చదివినది మన ఆలిమ్‌లు చదవలేదు. దీన్ విషయంలో ఆలిమ్‌లకు తెలిసినది వారికి తెలియదు. ఆలిమా ఆపాలు నడిపే బాలికల మక్తబ్‌లో అలాంటి ఒక అమ్మాయిని నెలకొకసారి కూర్చోబెడితే ఇరువురికీ మేలు. కర్నూలులో 1947లో ఉస్మానియా కళాశాలను నెలకొల్పిన డాక్టర్ అబ్దుల్ హఖ్ సాహెబ్ అఫ్జలుల్ ఉలమా పట్టాదారు, ఆధునిక విద్యావేత్త కూడా. 2016లో ఆయన పేరిట అక్కడ ఉర్దూ విశ్వవిద్యాలయమే వచ్చింది. రెండు విద్యలను ఒక చోట చేర్చడం మనకు పరాయి ఆలోచన ఎలా అవుతుంది?

ఉస్తాద్ సాయంత్రం పూట మక్తబ్‌లో వెచ్చించే సమయానికి విలువ కట్టాలి. అదే అసలు చిక్కు. చాలా కమిటీలు గోడలకు రంగు వేయించడానికి చందా తీస్తాయి, వెనుక వరుసలో కూర్చునే మనిషికి ఎందుకివ్వాలని అడుగుతాయి. మద్రసాలకు షాబాన్‌లో పరీక్షలు ముగుస్తాయి, షవ్వాల్‌లో కొత్త ప్రవేశాలు మొదలవుతాయి. రమజాన్ చందాల లెక్క చూసుకునేటప్పుడే, వచ్చే ఏడు ఎన్ని మక్తబ్‌లకు ఎందరు విద్యార్థులను పంపగలము, వారి వెనుక కూర్చునే ఉస్తాద్‌లు ఎవరు, వారికి ఇచ్చేదెంత అన్న మూడు లెక్కలు కూడా అదే పుస్తకంలో వ్రాసుకోవాలి.